పాత సీఆర్‌వీకి టో హిచ్ బిగించాలి: ఏ క్లాస్, ఏ వైరింగ్, ఎంత బరువు వరకు?

పెరటిమొక్క (కొలంబస్, ఒహాయో)

అందరికీ నమస్తే. కారు 2005 హోండా సీఆర్‌వీ, ఫోర్ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్, 1,68,000 మైళ్లు తిరిగింది. ట్రైలర్ తగిలించడానికి కారు వెనక బిగించే హిచ్ లేదు. 4x8 అడుగుల మడత ట్రైలర్ ఒకటి తీసుకుందామని ఆలోచన. ఖాళీ బరువు 300 పౌండ్ల లోపే. పని ఏడాదికి పది పదిహేను సార్లు ఉంటుంది: పెరటికి మల్చ్, మట్టి, అప్పుడప్పుడు ప్లైవుడ్, గుడిలో వినాయక చవితికి వంటపాత్రలు, బల్లలు. దూరం 30 మైళ్లు దాటదు.

అడగాలనుకున్నవి ఇవి. క్లాస్ 1 తీసుకోవాలా, క్లాస్ 3 తీసుకోవాలా? క్లాస్ 3 హిచ్ మీద 3,500 పౌండ్లు అని రాసి ఉంది, ధరలో తేడా పెద్దగా లేదు. రెండోది, ఇరవై చలికాలాల ఉప్పు తిన్న కారు, అడుగున తుప్పు ఉంది. బిగించే ముందు ఏం చూసుకోవాలి? మూడోది, లైట్ల వైర్లు కోసి అతికించాలా, ప్లగ్ పెట్టేవి దొరుకుతాయా? తెలిసినాయన ఒకరు బంపర్‌కే రంధ్రం చేసి బాల్ (ట్రైలర్ తగిలించే ఉక్కు గుండు) పెట్టేయమన్నారు, అది సరైనదేనా?

స్పానర్‌బాబాయ్

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. బంపర్‌కి బాల్ పెట్టొద్దు. పాత పికప్ ట్రక్కులకు ఫ్రేముకి బిగించిన ఉక్కు బంపర్ ఉంటుంది కాబట్టి వాటికి చెల్లింది. మీ కారుకి బయట కనిపించేది ప్లాస్టిక్ తొడుగు. లోపలి అడ్డకమ్మీ గుద్దినప్పుడు నలిగిపోవడానికి పెట్టింది, లాగడానికి కాదు.

ఇక క్లాస్. హిచ్ మీద రాసిన అంకె హిచ్‌ది, కారుది కాదు. అమెరికాలో ఆ ఏడాది సీఆర్‌వీకి హోండా ఇచ్చిన పరిమితి 1,500 పౌండ్లు. అంటే ట్రైలరు, అందులో సరుకు, కట్టిన తాళ్లు అన్నీ కలిపి. బాల్ మీద కిందికి పడే బరువు, అదే టంగ్ వెయిట్, అందులో పదో వంతు, 150. హిచ్, బాల్ మౌంట్ (హిచ్‌లో దూర్చే, బాల్ బిగించే కమ్మీ), బాల్, ట్రైలర్ కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు), ట్రైలర్ టైర్లు, కారు, ఇన్నింటిలో ఏది అన్నిటికంటే తక్కువో అదే మీ అంకె. ఇక్కడ అది కారే. క్లాస్ 3 పెట్టినా 1,500 అంగుళం కదలదు.

అలాగని క్లాస్ 3 తప్పు అని కాదు. క్లాస్ 1 రిసీవర్, అంటే బాల్ మౌంట్ దూరే చతురస్రపు గొట్టం, 1¼ అంగుళం, 2,000 పౌండ్లకు. క్లాస్ 3 రిసీవర్ 2 అంగుళాలు. సైకిల్ ర్యాక్ లాంటివి 2 అంగుళాలకే ఎక్కువ దొరుకుతాయి. అవసరం ఉంటే అదే తీసుకోండి, కానీ కారు అమ్మే రోజున కొనేవాడు 3,500 చూసి పడవ తగిలించకుండా రిసీవర్ పక్కన 1,500 అని స్టిక్కర్ అంటించండి. 1¼ కొని తర్వాత 2 అంగుళాల అడాప్టర్ దూర్చడం మాత్రం వద్దు. బాల్ ఇంకా వెనక్కి పోతుంది, అంత మేరకు కారు వెనుక భాగం మీద మీట పెరుగుతుంది, హిచ్ సామర్థ్యం తగ్గుతుంది.

ఆ మీట లెక్క ఒకసారి చూడండి. మీ కారు ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకి 103 అంగుళాలు. వెనుక ఇరుసు నుంచి బాల్‌కి సుమారు 45 అంగుళాలు అనుకుందాం. బాల్ మీద 150 పౌండ్లు పడితే వెనుక ఇరుసు మీద అదనంగా పడేది 150 కాదు, 215. మిగతా 65 ముందు చక్రాల మీది నుంచి లేచిపోతుంది. స్టీరింగ్ తేలికైనట్టు అనిపించేది అందుకే. పైగా ఈ టంగ్ వెయిట్ డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన మోత పరిమితిలోంచే తీసేయాలి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను, ట్రైలరు, అన్నీ ఒకేసారి కుదరవు.

తుప్పు సంగతి. హిచ్ కొనేముందే చూడాలి, కొన్నాక కాదు. కారుని ర్యాంపుల మీదో స్టాండ్ల మీదో నిలబెట్టండి, ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందికి దూరొద్దు. వెనుక రెండు వైపులా పొడుగ్గా వెళ్లే పెట్టె ఆకారపు రెయిళ్లే హిచ్‌ని మోసేవి. వాటిని బొడిపె సుత్తితో పది అంగుళాలకోసారి తట్టండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, లోపల పొరలుగా లేచిన రేకు డొక్కుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పైపైన ఎర్రపొడి రాలితే పర్లేదు, వైరు బ్రష్‌తో పోతుంది. బిస్కెట్‌లా పెచ్చులు లేచినా, మొన లోపలికి దిగినా ఆ కారుకి హిచ్ వద్దు. రెయిలుకి కిందనున్న నీళ్ల కన్నాలు చూడండి, అవి మట్టితో మూసుకుపోతే లోపల్నుంచి తినేస్తుంది, బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇది బాగుంటే బిగింపు ఒక పూట పని. అమర్చే పద్ధతులు రెండు. రెయిల్లో ఫ్యాక్టరీలోనే అతికిన వెల్డ్ నట్లు ఉంటే బోల్టులు కిందనుంచి ఎక్కుతాయి. లేకపోతే రెయిలు లోపల్నుంచి బోల్టుని చుట్టలున్న తీగతో బయటికి లాగాలి. మీ కిట్‌లో వచ్చే కాగితం ఏది చెబితే అది.

వెల్డ్ నట్లయితే అసలు కష్టం అక్కడే. ఇరవై ఏళ్ల బురద, ఉప్పు మరలో గడ్డకట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వండి. మర్నాడు సన్నటి గుండ్రటి వైరు బ్రష్ తిప్పి, ఆ సైజు థ్రెడ్ చేజర్ నడపండి. ట్యాప్ కాదు, చేజర్. ట్యాప్ కొత్త లోహాన్ని కోస్తుంది, కాస్త వంకరగా పట్టినా ఉన్న మర పలచబడుతుంది. చేజర్ మురికిని మాత్రం తోస్తుంది. అర తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. బిగుసుకుంటే బలవంతం చెయ్యకుండా మళ్లీ నూనె. మర పిచ్ మాత్రం చూసుకోండి, జపాన్ కార్లలో M10, M12 కి 1.25 పిచ్ మామూలు, హార్డ్‌వేర్ షాపు బోల్టులు సాధారణంగా 1.5, 1.75. అవి రెండు చుట్లు ఎక్కి ఆగిపోతాయి, అక్కడ రాట్చెట్ వేస్తే నట్టు పోయినట్టే. ప్రతి బోల్టూ చేత్తో నాలుగు చుట్లు ఎక్కాలి, ఎక్కకపోతే కారణం వెతకాలి.

హిచ్ 30, 40 పౌండ్లు ఉంటుంది. వెల్లకిలా పడుకుని రెండు చేతులతో ఎత్తిపట్టి మూడో చేత్తో బోల్టు పెట్టలేరు కాబట్టి మనిషి తోడు ఉండాలి, లేదా జాకీ మీద చెక్కముక్క వేసి ఎత్తాలి. సైలెన్సర్ అడ్డొస్తే దాని రబ్బరు వేలాడదీతల్ని సబ్బునీళ్లు రాసి ఊడదీయండి, కానీ సైలెన్సర్‌ని ముందే తాడుతో కట్టండి. అది ఒక్కసారి వేలాడితే తుప్పు పట్టిన పైపు జాయింటు తెగుతుంది.

అన్ని బోల్టులూ చేత్తో పట్టాక హిచ్‌ని మధ్యకి సర్ది, అప్పుడు టార్క్ రెంచ్. కాగితంలో రాసిన అంకె వాడండి. అంచనా కోసం చెబుతున్నా, 8.8 గ్రేడ్ M10 కి 35 పౌండు-అడుగులకు అటూఇటూ, M12 కి 60 నుంచి 70. చేజర్ నడిపాక మిగిలిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో కడిగెయ్యండి. ఊడగొట్టిన, గీరిన ప్రతిచోటా రంగు, రెయిలు లోపలికి మైనం స్ప్రే. 50 మైళ్ల తర్వాత మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి. రంగు మందంగా ఉన్న చోట అది నలిగి బోల్టు కాస్త వదులవుతుంది.

నట్టుబోల్టు

బాబాయ్ గారూ, ఒహాయోలో ఉప్పుకి బోల్టులకి యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే గ్రీజు లాంటిది) రాయకపోతే రేపు ఊడదీయాలంటే కత్తిరించాలి. అది చెప్పలేదేం?

స్పానర్‌బాబాయ్

కావాలనే చెప్పలేదు. కాగితంలో ఉన్న టార్క్ సాధారణంగా పొడి మరకి. జారుడు పదార్థం రాస్తే ఘర్షణ తగ్గి, అదే 65 దగ్గర బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. పాత వెల్డ్ నట్టు ఆ దెబ్బకి పీక్కొచ్చేస్తుంది. బోల్టు బిగించాక తల మీద, బయటికి కనిపించే మర మీద మైనం పట్టిస్తే ఉప్పు దిగదు, టార్కూ చెడదు. తప్పనిసరిగా మరకే రాయాలనుకుంటే టార్క్ పావు వంతు దాకా తగ్గించాలి, అది హిచ్ కంపెనీ ఒప్పుకుంటేనే.

వైరింగ్_వనజ

లైట్ల గురించి. ముందు కారు వెనక నిలబడి చూడండి. ఇండికేటర్ నారింజ రంగులో వేరే బల్బుగా వెలుగుతోందా, లేక బ్రేకు వెలిగే ఎర్ర బల్బే మిణుకుతోందా? చిన్న ట్రైలర్‌కి పక్కకి ఒకే బల్బు, బ్రేకూ ఇండికేటరూ రెండూ దానితోనే. కారులో అవి వేరువేరుగా ఉంటే మూడు సిగ్నళ్లని రెండుగా కలిపే కన్వర్టర్ డబ్బా కావాలి. అది లేకుండా వైర్లు నేరుగా కలిపితే బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ బల్బులు వెలగడం, డ్యాష్‌బోర్డులో రెండు బాణాలూ మెరవడం లాంటి వింతలు వస్తాయి.

వైర్లు కోయక్కర్లేదు. కారు మోడల్‌కి సరిపడే టీ హార్నెస్ దొరుకుతుంది. టెయిల్ లైట్ వెనక కనెక్టర్ ఊడదీసి మధ్యలో ఇది పెట్టడమే. రెండు వైపులా పెట్టాలి, కుడివైపుకి పోయే పచ్చ వైరుని డిక్కీ చాప కింద నడపండి. కత్తితో వైరు కొరికే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు మాత్రం వాడొద్దు. ఉప్పుతేమ ఆ గాటులోంచి రాగిలోకి పాకుతుంది, రెండు చలికాలాల్లో వైరు పచ్చబడి పొడైపోతుంది.

బ్యాటరీ నుంచి విడిగా కరెంటు తీసుకునే రకం కన్వర్టర్ కొనండి. చౌకరకం కన్వర్టర్ ట్రైలర్ బల్బుల కరెంటంతా మీ పాత కారు లైట్ల వైర్లలోంచే లాగుతుంది. మామూలు 1157 బల్బు బ్రేకు తీగ 2.1 ఆంపియర్లు, టెయిల్ తీగ 0.6. బ్రేకు తొక్కితే రెండు బల్బులకి 4.2 అదనం, ఇరవై ఏళ్ల స్విచ్చి, వైర్ల మీద. విడి కరెంటు రకంలో కారు వైరు సైగ మాత్రమే ఇస్తుంది. బ్యాటరీ దగ్గర్నుంచి 12 గేజ్ వైరు, బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఫ్యూజ్, ఎన్ని ఆంపియర్లదో కన్వర్టర్ కాగితం చెబుతుంది. ఫ్యూజ్ చిట్టచివర, అంతా తగిలించాక పెట్టండి. వైరుని సైలెన్సర్ పైపుకి దూరంగా, ముడతల గొట్టంలో నడపండి. ట్రైలర్‌కి ఎల్ఈడీ లైట్లయితే లోడు నామమాత్రమే, అయినా ఇదే పద్ధతి మేలు.

నాలుగు పిన్నుల ఫ్లాట్ ప్లగ్ రంగులు: తెలుపు గ్రౌండ్, గోధుమ టెయిల్, పసుపు ఎడమ, పచ్చ కుడి. కారు వైపు ప్లగ్‌లో మూడు పిన్నులు రబ్బరులో దాక్కుని, తెలుపు ఒక్కటే బయటికి పొడుచుకుని ఉంటుంది. ఊడి రోడ్డుకి తగిలినా షార్ట్ కాకుండా అలా చేశారు. తిరగేసి అతికించొద్దు.

ట్రైలర్ లైట్ల గొడవల్లో సగానికి పైగా తెల్లవైరువే. ట్రైలర్ ఫ్రేము మీద రంగు గీకి మెరిసే లోహం దాకా వెళ్లి, రింగు టెర్మినల్, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. మడత ట్రైలరైతే ఇంకో మాట: ముందు సగానికి గ్రౌండ్ ఇచ్చి వెనక సగానికి కీలు ద్వారా అందుతుందని వదిలేస్తారు, కీలుకి రంగు, తుప్పు ఉంటాయి, అందదు. వెనక లైట్ల దాకా తెల్లవైరు విడిగా లాగండి. గ్రౌండ్ చెడితే గుర్తు ఏమిటంటే, హెడ్‌లైట్లు వేసి ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసకగా, ఒకదానికొకటి ఎదురుగా కొట్టుకుంటాయి. కరెంటు తిరిగి పోయే దారిలేక ఇంకో బల్బులోంచి పోతోందన్నమాట.

లోడుమాస్టర్

హిచ్ గురించి బాబాయ్ గారు చెప్పింది చాలు, మట్టి గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ సైజు ట్రైలర్లు విరిగేది మట్టితోనే.

1,500 లో 10 శాతం 150. బాల్ మీద 10 నుంచి 15 శాతం ఉండాలని అందరూ చెబుతారు. మీ కారు పరిమితి కూడా 150. అంటే 1,500 నింపితే మీకు అటూఇటూ జరిగే చోటే లేదు: 9 శాతమైతే ట్రైలర్ తోక ఊపుతుంది, 11 శాతమైతే కారు పరిమితి దాటుతుంది. 1,200 కి ఆపితే 120 నుంచి 150 మధ్య హాయిగా సర్దుకోవచ్చు. కాబట్టి మీ అంకె 1,200 అనుకోండి, ట్రైలర్ 300 పోగా సరుకు 900.

900 పౌండ్ల మట్టి ఎంతో తెలుసా? క్యూబిక్ యార్డు మట్టి 2,000 పౌండ్ల పైమాటే, వాన తడిసిందైతే 2,700 దాకా. 4x8 పెట్టెలో 900 పౌండ్లంటే నాలుగంగుళాల మందం. ట్రైలర్ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. లోడరు నడిపేవాడు 'ఇంకో బకెట్టు వేయనా' అంటాడు, వద్దనాలి. గులకరాయైతే మూడంగుళాలతో సరి. మల్చ్ మాత్రం యార్డు 600 నుంచి 800, ఒక యార్డు పట్టొచ్చు, వాన పడ్డ మర్నాడు కాదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు 60, 70 పౌండ్లు, కాంక్రీటు సంచీ 80. గుణించుకోండి.

సర్దడం. ఎడ్లబండిలో గడ్డి వేసేవాళ్లు కాడి మీద కాస్త బరువు పడేలా చూస్తారు, వెనక్కి తూగితే ఎద్దుల మెడలు పైకి లేస్తాయి కదా. ఇదీ అంతే. పదింట ఆరు వంతులు ఇరుసుకి ముందు ఉండాలి. కొలవడానికి ఇంట్లో ఒళ్లు తూచే మెషీన్ చాలు: గట్టి చదును నేల మీద, కప్లర్‌ని బాల్ ఎత్తుకి చెక్కదిమ్మెతో మెషీన్ మీద నిలబెట్టండి, చక్రాలకు అడ్డం పెట్టి. కదిలే అవకాశమున్న లోడైతే మెషీన్ విరగకుండా పలక పద్ధతి: గట్టి పలక ఒక చివర మెషీన్ మీద, మరో చివర అంతే ఎత్తు ఇటుక మీద. కప్లర్‌ని ఇటుక నుంచి ఒక అడుగు, మెషీన్ నుంచి రెండడుగుల దూరంలో పలక మీద మోపితే, కనిపించిన అంకెలోంచి ముందు ఒట్టి పలకకి చూపినది తీసేసి మూడుతో గుణిస్తే టంగ్ వెయిట్.

తోక ఊపడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి. బ్రేకు గట్టిగా తొక్కొద్దు. ఊపుకి ఎదురు తిప్పొద్దు, మీరు తిప్పేసరికి అది అవతలి వైపుకి వచ్చి ఉంటుంది, ఊపు రెట్టింపవుతుంది.

బాల్ సైజు కప్లర్ మీద అచ్చు వేసి ఉంటుంది, 1⅞ లేదా 2 అంగుళాలు. తేడా మూడు మిల్లీమీటర్లు, కంటికి తెలియదు. 2 అంగుళాల కప్లర్‌లో 1⅞ బాల్ వేస్తే గొళ్లెం పడుతుంది, లాక్ అవుతుంది, మొదటి గతుకులో లేచి వచ్చేస్తుంది. గొళ్లెం వేశాక టంగ్‌ని (ట్రైలర్ ముందు కమ్మీని) జాకీతో పైకి ఎత్తి చూడండి. కారు వెనక కూడా పైకి లేవాలి. బాల్ నట్టు చేతి బిగింపుతో సరిపోదు: ¾ అంగుళం కాడకి 160 పౌండు-అడుగులు, 1 అంగుళం కాడకి 250. పొడుగు పిడి లేనిదే రాదు. చైన్లు కప్లర్ కింద అడ్డంగా ఒకదాని మీదొకటి దాటించి హిచ్ కొక్కేలకే తగిలించాలి, బాల్ మౌంట్‌కి కాదు. కప్లర్ ఊడితే ఆ కత్తెరలో పడుతుంది, ముక్కు రోడ్డుకి గుచ్చుకోదు.

ఇంకా కొనకపోతే 8 అంగుళాల చక్రాల రకం వదిలేసి 12 అంగుళాలది తీసుకోండి. 55 మైళ్ల వేగంలో మీ కారు చక్రం నిమిషానికి 680 సార్లు తిరిగితే, 8 అంగుళాల రిమ్ము చక్రం దాదాపు 1,150 సార్లు తిరుగుతుంది. బేరింగులు త్వరగా పోయేది అందుకే. ఫ్యాక్టరీ గ్రీజుని నమ్మకుండా కొత్తదానికే హబ్ విప్పి బేరింగు గ్రీజు దట్టించండి. మొదటి ప్రయాణంలో 15 మైళ్లకి ఆగి హబ్ మీద చెయ్యి పెట్టండి, గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి ఆనకపోతే బేరింగు మరీ బిగిసిందో, గ్రీజు లేదో. టైరుకి గాలి పక్కన రాసిన గరిష్ఠమే, చల్లగా ఉన్నప్పుడు. కారు టైరు అలవాటుతో 35 పెడితే చిన్న టైరు వేడెక్కి పగులుతుంది.

నట్టుబోల్టు

ఆ వయసు హోండా ఆటోమేటిక్ గేర్‌బాక్సుని ఎవరూ తలవలేదు. లాగే ముందు ఆయిల్ మార్చండి, పాత జెడ్‌-1 బదులు ఇప్పుడు వచ్చేది డీడబ్ల్యూ-1. కింద బోల్టుకి నేరుగా ⅜ రాట్చెట్ పడుతుంది. ఒకసారి వదిలితే సగంలోపే వస్తుంది, మిగతాది గేర్‌బాక్సు టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది, కాబట్టి మధ్యలో కొన్ని మైళ్లు నడుపుతూ మూడుసార్లు చెయ్యండి. ఫోర్ వీల్ డ్రైవ్ కదా, వెనక డిఫరెన్షియల్‌కి హోండా డ్యూయల్ పంప్ ఫ్లూయిడ్ సుమారు క్వార్టు. అందులో వేరే గేర్ ఆయిల్ పోస్తే లోపలి క్లచ్ పాడవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్‌బాక్సు పైగేర్లకీ కిందిగేర్లకీ ఊగుతూ ఉంటే పైగేర్ రాకుండా ఆపండి. ఆ ఊగిసలాటలోనే ఆయిల్ కాగుతుంది.

పెరటిమొక్క

అందరికీ ధన్యవాదాలు. ర్యాంపుల మీద ఎక్కించి చూశాను. రెయిళ్లు సుత్తికి బాగానే పలికాయి, స్క్రూడ్రైవర్ ఎక్కడా దిగలేదు. హిచ్ వచ్చింది, వెల్డ్ నట్ల రకం. చేజర్ ఎడమవైపు బాగా నడిచింది. కుడివైపు వెనకది మాత్రం చేజర్‌తో పాటు నట్టే తిరుగుతోంది. మిగతావి బిగించి దీన్ని వదిలేస్తే 1,200 కి సరిపోదా? ఇండికేటర్లు నారింజవే, విడి కరెంటు కన్వర్టర్ తెప్పించాను.

స్పానర్‌బాబాయ్

వదిలెయ్యకూడదు. బరువు నాలుగు బోల్టుల మధ్య సమంగా పంచుకోవడం లేదు. వెనక బోల్టు లేకపోతే హిచ్ ముందు బోల్టు దగ్గర కీలులా ఆడుతుంది, ప్రతి గతుక్కీ రెయిలు రేకుని వంచుతుంది. బోల్టు ముందు తెగదు, రేకు చిరుగుతుంది.

ముందు చేజర్‌ని జాగ్రత్తగా వెనక్కి తిప్పి తీయండి. నట్టుతో కలిసి తిరుగుతుంటే, రెయిలు చివరో పక్క కన్నంలోంచో పొడుగు స్క్రూడ్రైవర్‌తో నట్టు అంచుని ఒత్తిపట్టి తిప్పితే వస్తుంది. ఆ తర్వాత తీగ పద్ధతి. చెడ్డ నట్టుని డ్రిల్లుతో వదిలించండి, లోపల పడిన దాన్ని అయస్కాంతంతో తీయండి, వదిలేస్తే జీవితాంతం గలగలలాడుతుంది. హిచ్ ప్లేటులో కన్నానికి సరిపడే మందంలో క్యారేజ్ బోల్టు, దాని చతురస్రపు మెడ కూర్చునే పావు అంగుళం మందం ఉక్కు ప్లేటు తీసుకోండి. తీగని కన్నంలోంచి పైకి దూర్చి పెద్ద కన్నంలోంచి బయటికి తెచ్చి, ముందు ప్లేటు, తర్వాత బోల్టు ఎక్కించి లాగాలి. నట్టు రెండు చుట్లు ఎక్కేదాకా తీగ విప్పొద్దు, జారితే మళ్లీ మొదటికొస్తుంది. బోల్టు తల కన్నా ఆ ప్లేటే ముఖ్యం. అది బరువుని వెడల్పుగా పరుస్తుంది, లేకపోతే తల పలచటి రేకులోంచి ఊడి వస్తుంది. ప్లేటు, బోల్టు దూరే కన్నం దగ్గర్లో లేకపోతే బాడీ షాపులో నట్టు ప్లేటు వెల్డింగ్ చేయించండి. రివెట్ నట్టు మాత్రం ఎవరు చెప్పినా వద్దు, అది హిచ్ బరువుకి కాదు. హిచ్ కంపెనీకి ఫోన్ చేసి తీగతో లాగే బోల్టుల కిట్ ఈ మోడల్‌కి ఉందేమో అడగండి, ఉంటే సైజులు వాళ్లవే వాడండి.

లీడ్స్_తెలుగోడు

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఇది చదివి అమెరికా హిచ్ తెప్పించుకోకండి. ఇక్కడ బాల్ 50 మిల్లీమీటర్లు, అది వేరే లోకం. 1998 ఆగస్టు 1 తర్వాత రోడ్డెక్కిన కార్లకి టైప్ అప్రూవల్ ముద్ర ఉన్న టోబారే బిగించాలి. బ్రేకుల్లేని ట్రైలర్ గరిష్ఠం 750 కిలోలు, లేదా కారు ఖాళీ బరువులో సగం, ఏది తక్కువైతే అది. ట్రైలర్‌కి కారు నంబరే వెనక పెట్టాలి. మోటార్‌వేల మీద వేగం గంటకి 60 మైళ్లు, మధ్యలో డివైడర్ లేని రోడ్ల మీద 50. కారవాన్లు లాగే ఉద్దేశం ఉంటే 7 పిన్నులది కాకుండా 13 పిన్నుల సాకెట్ మొదట్లోనే వేయించండి.

పెరటిమొక్క

లీడ్స్ అన్నా, ఒహాయోలో నంబరు సంగతి ఎవరైనా చెబుతారా? ఇంకోటి: బాల్ మౌంట్ ఏ ఎత్తుది కొనాలి?

లోడుమాస్టర్

ఒహాయోలో ట్రైలర్‌కి విడి నంబరు ప్లేటు కావాలి, కారు నంబరు చెల్లదు. బీఎంవీ (రాష్ట్ర వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) బరువుని బట్టి రుసుము తీసుకుంటుంది కాబట్టి అమ్మినవాళ్లిచ్చే బరువు కాగితం పారేయకండి. ప్లేటుకి లైటు కూడా ఉండాలి. 2,000 పౌండ్లు దాటితే బ్రేకులు తప్పనిసరి, మీకు వర్తించదు.

ఎత్తుకి: చదును నేల మీద రిసీవర్ లోపలి పై అంచు ఎత్తు కొలవండి. ట్రైలర్‌ని నేలకి సమాంతరంగా నిలబెట్టి కప్లర్ కింది అంచు ఎత్తు కొలవండి. బాల్ కూర్చునే పలక ఎక్కడుండాలో అదే చెబుతుంది. ఉదాహరణకి రిసీవర్ 15, కప్లర్ 17 అయితే రెండంగుళాలు పైకి లేచే రకం. దిగువకి వంగిన బాల్ మౌంట్‌నే తిరగేసి వాడొచ్చు, బాల్ అటు మార్చి. ముక్కు అర అంగుళం కిందికి ఉన్నా పర్లేదు, పైకి మాత్రం లేవకూడదు. రిసీవర్ 1¼ అయితే పిన్ను ½ అంగుళం, 2 అంగుళాలైతే ⅝. సన్నది దూర్చితే లోపల కొట్టుకుంటుంది.

వైరింగ్_వనజ

బాల్ మౌంట్ కొనేముందు ఒకటి. మీ కారు వెనక తలుపు పక్కకి తెరుచుకుంటుంది, స్టెప్నీ దాని మీదే బయటికి ఉంటుంది. పొట్టి బాల్ మౌంట్ వేస్తే ఇరుకు మలుపులో, ముఖ్యంగా రివర్స్‌లో, ట్రైలర్ ముందు మూల స్టెప్నీకి తగులుతుంది. ట్రైలర్ తగిలించి ఉండగా తలుపు తెరిస్తే కింద అంచు టంగ్ జాకీ పిడికి కొట్టుకుంటుంది. పక్కకి మడిచే జాకీ ఉన్న ట్రైలర్ చూసుకోండి. ఖాళీ స్థలంలో ఒక మనిషిని వెనక నిలబెట్టి, స్టీరింగ్ పూర్తిగా అటూఇటూ తిప్పి నెమ్మదిగా రివర్స్ చేసి చూడండి. అప్పుడే ప్లగ్ వైరు పొడవూ, చైన్ల పొడవూ తేలిపోతాయి: మలుపులో బిగుసుకోకూడదు, నిటారుగా పోయేటప్పుడు నేలకి రాసుకోకూడదు.